మందు దొరికింది - మరి చివరి మడికి చేరేదెప్పుడు?

(బి.ఎస్సీ. ఆఖరు సంవత్సరం విద్యార్థి)

మాది సాగర్ కుడికాలువ చివరి ఆయకట్టు. గేట్లు ఎత్తారని, కాలువకు నీళ్ళు వదిలారని పత్రికలో చదివిన రోజున మా ఊళ్ళో ఎవరూ నారుమడి దున్నరు. ఆనకట్టలో నీళ్ళుండటం వేరు. కాలువలో నీళ్ళుండటం వేరు. మన మడిలో నీళ్ళుండటం వేరు. ఈ మూడింటి మధ్య దూరమెంతో చివరి భూముల రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

సావనీరుకు ఏదైనా సైన్సు వ్యాసం ఇమ్మని మన విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, గుండె జబ్బుకు వస్తున్న కొత్త మందులను గురించి రాద్దామనుకున్నాను. నాలుగు పుస్తకాలు తిరగేసి, మా లెక్చరరు గారిని నాలుగు రోజులు విసిగించి, కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది - ఇది కూడా మా కాలువ కథే.

ముందుగా మా ఇంటి సంగతి చెప్పాలి. మా పెదనాన్నకు యాభై ఎనిమిదేళ్ళు. నాలుగెకరాల మిరప, రెండెకరాల మాగాణి. రెండేళ్ళ క్రితం చలికాలంలో ఆయనకు ఆయాసం మొదలైంది. మందు ట్యాంకు వీపున వేసుకుని నాలుగు సాళ్ళు నడిస్తే గట్టు మీద కూలబడేవాడు. రాత్రి పడుకుంటే ఊపిరాడదు. గోడకు దిండు ఆనించుకుని తెల్లవార్లూ కూర్చునేవాడు. పాదం మీద వేలుతో నొక్కితే గుంట పడేది. ఊళ్ళో ఉబ్బసమన్నారు, సూదులు వేశారు. చివరకు పట్నం తీసుకుపోతే ఎకో తీసి, "గుండె పంపింగు పాతిక శాతమే ఉంది" అన్నారు. ఆరోగ్యంగా ఉన్న గుండె తనలో నిండిన రక్తంలో సగానికి పైగా ప్రతి దెబ్బకూ బయటికి నెడుతుంది. పెదనాన్న గుండె పావు వంతే నెడుతున్నది. దీన్నే హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. ఆ పేరు వింటే గుండె ఆగిపోయిందేమోననిపిస్తుంది. ఆగలేదు, చాలటం లేదు. అంతే తేడా.

వారం రోజులు ఉంచి, నీరు తీసి, వాపు తగ్గించి, ఆరు రకాల బిళ్ళలు రాసి ఇంటికి పంపారు. ఆ చీటీ నా చేతికొచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి, పైగా బి.ఎస్సీ. చదివేవాణ్ణి నేనే గదా! సెల్‌ఫోనులో ఒక్కో పేరూ వెతికాను. ఒకటి షుగరు బిళ్ళ. పెదనాన్నకు షుగరు లేదు. ఇంకొకటి రక్తపోటు బిళ్ళ. ఆయన బి.పి. వంద దాటటం లేదు. "పెదనాన్నా, ఇవి నీ జబ్బుకు సంబంధం లేనివి, పొరపాటున రాసినట్టున్నారు" అన్నాను. నెలకు కొంత డబ్బు మిగులుతుందని పెద్దమ్మ కూడా సంతోషించింది. ఆ రెండూ ఆపేశాం. కాళ్ళ వాపు పోయింది గనుక కొన్నాళ్ళకు నీరు తీసే బిళ్ళ కూడా ఆయనే మానేశాడు.

ఏడు వారాలు తిరక్కుండానే, మిరపకాయలు కళ్ళంలో ఉండగానే, మళ్ళీ అదే ఆసుపత్రి. ఈసారి మూతికి ఆక్సిజను కూడా. కుర్ర డాక్టరొకాయన చీటీ చూసి, "ఈ బిళ్ళలు ఎవరు ఆపమన్నారు?" అని గట్టిగా అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. పెదనాన్న నా వంక చూడలేదు. "నేనే మానుకున్నా సారూ" అన్నాడు.

ఆ రెండు బిళ్ళలు ఆపటంవల్లే అంత జరిగిందని నేను రుజువు చేయలేను. కానీ సైన్సు చదివేవాడు చేయవలసిన మొదటి పని, తెలియనిదాన్ని అడిగి తెలుసుకోవటం, నేను చేయలేదన్నది మాత్రం రుజువైపోయింది. ఆ డాక్టరు పది నిమిషాలు నిలబడి నాకు చెప్పిన సంగతులూ, తర్వాత నేను చదువుకున్న సంగతులూ ఇక్కడ రాస్తున్నాను.

గుండె సరిగా తోయకపోతే మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీరు తక్కువైంది కాబోలునని అవి పొరబడి, ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. కాళ్ళ వాపు, ఊపిరితిత్తుల్లో నీరు అందువల్లనే. ఇంకోవైపు అడ్రినలిన్ జాతి హార్మోన్లు గుండెను ఇంకా త్వరగా కొట్టుకోమని తరుముతాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి. అసలే చాలని గుండె మీద బరువు రెట్టింపవుతుంది. లో-ఓల్టేజీలో బోరు మోటారును ఆపకుండా నడిపితే ఏమవుతుందో రైతుబిడ్డలకు తెలుసు. వైండింగు కాలుతుంది. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఏ.టి.పి.నీ 1920ల చివర్లో హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి వెలికితీసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. చాలని గుండెలో ఆ నిల్వలే తరిగిపోతాయని తరువాతివారు కనుగొన్నారు.

ఈ జబ్బుకు మందు వెతకటం ఈనాటిది కాదు. ఇంగ్లండులో ఒక పల్లెటూరి ముసలమ్మ ఒంటి నీరు తీయటానికి వాడే ఆకుపసర్ల మందు గురించి విని, అందులోని ఇరవై రకాల మూలికల్లో గుణమున్నది ఫాక్స్‌గ్లోవ్ అనే పూలమొక్కదేనని గుర్తించి, విలియం వితరింగ్ అనే వైద్యుడు 1785లో పుస్తకం రాశాడు. ఆ మొక్క పేరే డిజిటాలిస్. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళు ఆ ఆకు మందూ, నీరు తీసే మందులూ, విశ్రాంతీ - ఇంతకు మించి వైద్యుల చేతిలో పెద్దగా ఏమీ లేదు.

తర్వాత ఒక పొరపాటు జరిగింది. గుండె బలహీనపడింది గనుక దాన్ని గట్టిగా కొట్టుకునేలా చేస్తే సరిపోతుందనుకున్నారు. అలసిపోయిన ఎద్దును ములుకోలతో పొడిస్తే నాలుగడుగులు వేస్తుంది నిజమే, కానీ ఆ తర్వాత పడుకుంటే లేవదు. మిల్రినోన్ అనే బిళ్ళను వెయ్యి మందికి పైగా రోగుల మీద పరీక్షించి 1991లో ప్రకటించిన ఫలితాల్లో, ఆ బిళ్ళ వేసుకున్నవారిలో మరణాలు 28 శాతం ఎక్కువగా కనిపించాయి.

దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచినవాడు స్వీడన్ దేశపు ఫిన్ వాగ్‌స్టీన్. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లను బలహీనమైన గుండెకు ఇవ్వకూడదని వైద్య పుస్తకాలన్నీ చెబుతున్న రోజుల్లో, 1975లో, ఆయనా ఆయన సహచరులూ ఏడుగురు రోగులకు ఆ మందిచ్చి, వాళ్ళు మెరుగుపడ్డారని ప్రకటించారు. చాలామంది నమ్మలేదు. పాతికేళ్ళు పట్టింది. 1999లో రెండు పెద్ద పరీక్షలు, ఒకటి బిసోప్రొలోల్‌తో, మరొకటి మెటోప్రొలోల్‌తో, ఈ మందు మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని తేల్చాయి. ఎద్దు మెడ మీది కాడి దించితే అది కోలుకుంటుంది. ఇంత చిన్న సంగతి ఒప్పుకోవటానికి శాస్త్రజ్ఞులకు పాతికేళ్ళు కావలసివచ్చింది!

ఇంకో మందు పాము విషంలోంచి వచ్చింది. బ్రెజిల్ దేశపు జరరాకా అనే పాము కరిస్తే రక్తపోటు పడిపోతుంది. ఆ విషం మీద ఆ దేశపు శాస్త్రజ్ఞుడు సెర్జియో ఫెరీరా 1960లలో చేసిన పరిశోధన దారి చూపగా, కాప్టోప్రిల్ అనే బిళ్ళ తయారై 1981లో అమెరికాలో వాడకంలోకి వచ్చింది. దాని తమ్ముడు ఎనలాప్రిల్‌ను స్వీడన్, నార్వే, ఫిన్లండు దేశాల్లో తీవ్రంగా జబ్బుపడిన 253 మంది మీద పరీక్షించారు. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవారిలో ఆరు నెలల్లో 44 శాతం చనిపోతే, ఎనలాప్రిల్ వేసుకున్నవారిలో 26 శాతం చనిపోయారు. ఈ ఫలితం 1987 నాటిది. పెదనాన్న చీటీలో నేను గీత కొట్టిన "బి.పి. బిళ్ళ" ఈ కుటుంబానికి చెందినదే. బి.పి. తగ్గించటం దాని గుణాల్లో ఒకటి మాత్రమే. గుండె మీది బరువు దించటం కోసం దాన్ని రాశారు. 1999లో స్పైరనోలాక్టోన్ అనే పాత మందు కూడా తీవ్రమైన రోగుల్లో మరణాలను 30 శాతం తగ్గిస్తుందని తేలింది. 2014లో సాక్యుబిట్రిల్, వల్సార్టాన్ కలిపిన బిళ్ళను ఎనిమిది వేలకు పైగా రోగుల మీద ఎనలాప్రిల్‌తో పోల్చి చూస్తే, గుండెజబ్బు మరణాలూ ఆసుపత్రి పాలవటమూ కలిపి మరో 20 శాతం తగ్గాయి.

ఇక షుగరు బిళ్ళ సంగతి. 1835లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని తీశారు. అది తీసుకుంటే మూత్రంలో చక్కెర పోతుంది. ఆ పదార్థాన్ని ఆధారం చేసుకుని మన కాలంలో డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మందులు తయారుచేశారు. కొత్త షుగరు మందు గుండెకు చేటు చేయదని నిరూపించాలని అమెరికా ప్రభుత్వం 2008లో నిబంధన పెట్టింది. అలా చేటు వెతకబోతే మేలు కనిపించింది! 2015లో షుగరు రోగుల్లో, 2019లో షుగరు లేనివారిని కూడా కలుపుకుని 4,744 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో పరీక్షలు ఫలించాయి. రెండో పరీక్షలో గుండెజబ్బు మరణాలూ, జబ్బు ముదరటమూ కలిపి 26 శాతం తగ్గాయి. షుగరు ఉన్నా లేకున్నా మేలు ఒక్కటే. నేను "సంబంధం లేనిది" అన్న బిళ్ళ ఇదే.

ఈ నాలుగు రకాలూ కలిసి ఇప్పుడు చికిత్సకు నాలుగు స్తంభాలు. పంపింగు బాగానే ఉండి, గుండె గోడలు బిగుసుకుపోయి, సరిగా నిండక వచ్చే రెండో రకం హార్ట్ ఫెయిల్యూర్‌కు మొన్నమొన్నటి దాకా మందే లేదు. 2021లో ఎంపాగ్లిఫ్లోజిన్, 2024లో ఫినరెనోన్ అందులోనూ పనిచేస్తాయని తేలింది. స్థూలకాయం వల్ల వచ్చే రకంలో సెమాగ్లూటైడ్ ఇంజెక్షను రోగికి ఉపశమనం ఇస్తుందని 2023లో చూపారు. గుండె కండరంలో ఒక చెడ్డ ప్రోటీను పేరుకోవటం వల్ల వచ్చే అరుదైన జబ్బుకు, ఆ ప్రోటీను తయారీనే ఆపే ఇంజెక్షనుకు 2025లో అమెరికాలో అనుమతి దొరికింది. మూడు నెలలకొకసారి వేసుకుంటే చాలు. ఇక అందరికన్నా తమాషా, 2025లోనే వెలువడిన ఒక పరీక్షలో వితరింగ్ కాలపు డిజిటాలిస్ జాతికి చెందిన డిజిటాక్సిన్ కూడా ఈ కొత్త మందులతో పాటు వాడితే కొంత మేలు చేస్తుందని తేలింది. ముసలమ్మ ఆకు మందు తిరిగి వచ్చిందన్నమాట!

మిత్రులారా! ఆనకట్ట నిండింది. ఎవరైనా కాదనగలరా? ఇప్పుడు కాలువ దిగువకు రండి.

కేరళలో తిరువనంతపురం జిల్లా ఆసుపత్రుల్లో 2013లో చేరిన 1,205 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల వివరాలు సేకరించారు. వారి సగటు వయసు 61 ఏళ్ళు, అంటే పాశ్చాత్య దేశాల రోగుల కంటే సుమారు పదేళ్ళు తక్కువ. ఏడాది తిరిగేసరికి దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు చనిపోయారు. పంపింగు తగ్గినవారిలో ఇవ్వవలసిన మందులన్నీ రాసింది నాలుగో వంతు మందికే. తర్వాత దేశమంతటా 53 ఆసుపత్రుల్లో పదివేలకు పైగా రోగులను గమనించారు. తొంభై రోజుల్లో ప్రతి ఏడుగురిలో ఒకరు చనిపోయారు. పంపింగు తగ్గినవారిలో సరైన మందులు రాసింది సుమారు సగం మందికే. ఇవి పెద్ద ఆసుపత్రుల లెక్కలు. చీటీ రాసినవారిలో ఎందరు కొన్నారో, కొన్నవారిలో ఎందరు మూడో నెల దాకా వాడారో మా ఊరి వంటి ఊళ్ళల్లో లెక్క కట్టేవారెవరు?

"కొత్త మందులు డబ్బున్నవాళ్ళకు, మనకెందుకు?" అనేవాళ్ళున్నారు. ఆ మాటలో ఒకప్పుడున్నంత నిజం ఇప్పుడు లేదు. ఎనలాప్రిల్, మెటోప్రొలోల్, స్పైరనోలాక్టోన్ ఏనాడో చవకయ్యాయి. డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2020లో ముగిసింది. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో ముగియగానే, అరవై రూపాయల ప్రాంతంలో ఉన్న బిళ్ళకు పది రూపాయల లోపు రకాలు దుకాణాల్లోకి వచ్చాయి. సాక్యుబిట్రిల్, వల్సార్టాన్ బిళ్ళను చవక రకంగా తయారుచేసి 2025 జులైలో అమెరికా బజారుకు పంపింది ఎవరో కాదు, హైదరాబాదు కంపెనీ ఎం.ఎస్.ఎన్. లాబొరేటరీస్. మన హైదరాబాదు బిళ్ళ అమెరికా రోగికి అందుతున్నది. మంచిదే, సంతోషమే. అదే బిళ్ళ మా ఊరి రోగి కంచం పక్కన రోజూ ఉంటున్నదా అన్నదే నా ప్రశ్న.

బిళ్ళ ధర ఒక్కటే ఖర్చు కాదు. పట్నం వెళ్ళాలంటే బస్సు చార్జీలు, తోడు వచ్చేవాడి కూలి, పరీక్షలు, ఆ రోజు పనిలేని పొలం. అదీగాక ఈ మందులు గుడ్డిగా మింగేవి కావు. స్పైరనోలాక్టోన్ వాడేవారికి రక్తంలో పొటాషియం పెరగవచ్చు. మూత్రపిండాల పరీక్ష మధ్య మధ్య చేయించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కొన్నిటిని డాక్టరు నడిగి ఆపాలి. పరీక్ష చేసే దిక్కులేని ఊరికి పంపుతూ అన్ని మందులూ రాయటానికి డాక్టరు జంకితే ఆయన్ను తప్పుపట్టలేను. జంకు పోవాలంటే పరీక్షే ఊరి దగ్గరికి రావాలి.

ఈ పని అసాధ్యమూ కాదు. 2022లో వెలువడిన ఒక పరీక్షలో, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిన రోగులను మొదటి ఆరు వారాలూ తరచుగా పిలిచి చూస్తూ, రెండు వారాల్లోనే మందుల మోతాదు పూర్తి స్థాయికి పెంచారు. మామూలు పద్ధతిలో ఆరు నెలల్లో 23 శాతం మంది చనిపోవటమో తిరిగి ఆసుపత్రిలో చేరటమో జరిగితే, ఈ పద్ధతిలో అది 15 శాతానికి తగ్గింది. కొత్త మందు ఒక్కటి కూడా కనిపెట్టలేదు! ఉన్న మందునే వెంటపడి అందించారు, అంతే. నా దృష్టిలో గడచిన పదేళ్ళలో ఈ జబ్బుకు దొరికిన గొప్ప మందుల్లో ఇదొకటి.

అందుచేత నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. అయితే అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు పుట్టిన పథకం. హార్ట్ ఫెయిల్యూర్ రోగికి అసలు చికిత్స ఇంటికొచ్చాక మొదలవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి.కి, షుగరుకు నెల నెలా బిళ్ళలు ఇస్తున్నట్టే, ఈ నాలుగు రకాలూ అక్కడే ఇవ్వాలి. మూత్రపిండాల పరీక్ష, పొటాషియం పరీక్ష మండల స్థాయిలో జరగాలి. ఇంటికి వచ్చిన మొదటి నెలలో ఏ.ఎన్.ఎం. వారానికొకసారి వచ్చి బరువు, వాపు చూడాలి. ఒక మనిషిని రెండోసారి ఆసుపత్రిలో చేర్చటానికయ్యే ఖర్చు కంటే ఇది ఎక్కువవుతుందని నేననుకోను.

ప్రభుత్వాన్ని అడిగి ఊరుకుంటే మన బాధ్యత తీరిపోదు. ప్రతి ఏటా మన ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో రోడ్లు ఊడుస్తాం, మొక్కలు నాటుతాం. ఈ ఏడు ఒక పని అదనంగా చేద్దాం. శిబిరం వేసిన ఊళ్ళో ఆయాసం, వాపులతో మందులు వాడుతున్న వాళ్ళ చీటీలు తీసుకుని, ఏ బిళ్ళ ఎందుకో వైద్యాధికారి నడిగి, తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇద్దాం. "వాపు పోయినా మానకూడదు" అన్న ఒక్క వాక్యం ప్రతి కాగితం మీదా ఉండాలి. రోజూ పొద్దున బరువు చూసుకోమని, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టరు దగ్గరికి పొమ్మని చెబుదాం. బరువు చూసే మిషను ఊరికొకటి కొనటానికి మన సంఘం నిధుల్లో డబ్బు లేదంటే నేను నమ్మను. సొంత వైద్యం మాత్రం ఎవరం చేయవద్దు. అది చేసినవాణ్ణి నేను.

పెదనాన్న ఇప్పుడు ఇంటి నుంచి పొలం దాకా నడుస్తున్నాడు, దారిలో ఒక్కసారి ఆగి. మిరప కౌలుకిచ్చాం. పచ్చడి మెతుకులు మానలేడు గానీ, ఉప్పు తగ్గించాడు. రోజూ సాయంత్రం నేను ఫోను చేస్తే, "వేసుకున్నా లేరా" అంటాడు, నేను అడక్కముందే. ఆ డాక్టరు ముందు నా పేరు ఎందుకు చెప్పలేదని ఒకసారి అడిగాను. "చదువుకునే పిల్లోడివి, పేరు చెడగొట్టటం దేనికి?" అన్నాడు.

ఆ పేరు నిలబెట్టుకోవటానికి నాకు తోచిన దారి ఈ వ్యాసం రాయటం. నీళ్ళు ఆనకట్టలో ఉన్నాయి. కాలువ పూడిక తీసే పనిలో మనం కూడా పార పట్టాలి.